ఉక్కుకు అంకె కట్టిన బ్రినెల్

రైలు పట్టాలకూ, ఇరుసులకూ, బాయిలర్లకూ వేలమంది ప్రాణాలను అప్పగించిన పందొమ్మిదవ శతాబ్దంలో ఉక్కు గట్టిదనాన్ని తేల్చినది ఎక్కువగా పనివాని కన్నూ చెయ్యీ మాత్రమే. ముక్కను విరిచి విరుపును చూచేవారు. లేదా ఆకురాయితో రాచి అది ఎంత పట్టినదో గమనించేవారు. విరిచిన వస్తువు మరి పనికిరాదు. ఆకురాయి చెప్పే తీర్పు మనిషి మనిషికీ మారేది. ఈ కొరతను తీర్చినవాడు యోహాన్ ఆగస్ట్ బ్రినెల్.

బ్రినెల్ 1849 నవంబరు 21వ తేదీన స్వీడన్ దేశంలోని బ్రింగెటోఫ్టాలో జన్మించాడు. బోరోస్ పట్టణంలో సాంకేతిక విద్య నభ్యసించి, 1875లో లెస్యోఫోర్స్ ఇనుప కర్మాగారంలో ఇంజనీరుగా చేరాడు. 1882లో ఫాగర్‌స్టా కర్మాగారానికి ప్రధాన ఇంజనీరు అయినాడు. ఉక్కును కాచి చల్లార్చినప్పుడు దాని లోపలి కూర్పులో కలిగే మార్పులను అక్కడ ఓపికతో పరిశీలించి, 1885లో ఆ ఫలితాలను ప్రకటించాడు.

అతనికి శాశ్వతకీర్తి తెచ్చిన పద్ధతి 1900 సంవత్సరపు పారిస్ ప్రదర్శనలో లోకానికి తెలిసింది. అది చూడడానికి మిక్కిలి సులభం. పది మిల్లీమీటర్ల వ్యాసం గల గట్టి ఉక్కుగుండును మూడు వేల కిలోగ్రాముల భారంతో లోహంపై అదమాలి. అప్పుడు ఏర్పడిన గుంట వ్యాసాన్ని కొలిచి, దానినిబట్టి గుంట ఉపరితల వైశాల్యం కట్టి, భారాన్ని ఆ వైశాల్యంతో భాగించాలి. గుంట వ్యాసం నాలుగు మిల్లీమీటర్లైతే వచ్చే అంకె సుమారు 229. అయిదైతే సుమారు 143. గుంట పెద్దదైనకొద్దీ లోహం మెత్తన. వస్తువు విరగదు, మిగిలేది చిన్న గుంట ఒక్కటే. ఎవరు కొలిచినా దాదాపు ఒకే అంకె వస్తుంది.

1907లో బ్రినెల్‌కు బెస్సెమర్ స్వర్ణపతకం లభించింది. 1925 నవంబరు 17న అతడు మరణించాడు.

అయితే ఇంత భారం మోపే యంత్రం బరువైనది. పరీక్షించవలసిన వస్తువే దాని దగ్గరకు రావలసి ఉండేది. నిలిచిన వంతెన దూలాన్ని మోసుకొని రావడం సాధ్యమా? ఈ చిక్కును విప్పినది, చెక్ దేశపు ఉక్కు కర్మాగారం పేర ప్రసిద్ధమైన పోల్డీ సుత్తి. ఇందులో గుండుకు ఒకవైపు గట్టిదనం ముందే తెలిసిన ఉక్కుకడ్డీ, రెండవవైపు పరీక్షించే వస్తువు ఉంటాయి. పైనుండి ఒక్క దెబ్బ కొడితే రెండింటిమీదా గుంటలు పడతాయి. దెబ్బ రెండింటికీ ఒకటే గనుక, అది ఎంత బలమైనదో తెలియనక్కరలేదు. గుంటలను పోల్చి గట్టిదనాన్ని లెక్కించవచ్చు. 1970లలో వచ్చిన లీబ్ పరికరమైతే చిన్న ముక్కను లోహంమీదికి విసిరి, అది తిరిగి ఎగిరే వేగాన్నిబట్టి గట్టిదనం చెబుతుంది.

పరికరాలు చేతిలో పట్టేంత చిన్నవైనా, ఉక్కుగుండు స్థానంలో టంగ్‌స్టన్ కార్బైడు గుండు వచ్చినా, ఇంజనీర్లు చివరకు అడిగే అంకెల్లో ఒకటి నేటికీ బ్రినెల్ పేరుతోనే ఉన్నది.