పశువైద్యుడు ఆర్నాల్డ్ థైలర్

ముసరరోగ మెట్టిదో నేటి రైతుబిడ్డలకు తెలియదు. అది యూరిమందలో జొచ్చిన వారము పదిదినములలో దొడ్లకు దొడ్లు ఖాళీయగుటయు, కాడికి ఎద్దు దొరకక పొలములు బీళ్లు పడుటయు వృద్ధులు చెప్పగా విన్నవారు కొందఱు మాత్ర మున్నారు. మన దేశమున నా వ్యాధి 1995లో కడపటిసారి కనబడెను. 2011లో భూమండలమునుండియే యది తొలగెనని ప్రపంచసంస్థలు ప్రకటించినవి. మనుష్యప్రయత్నముచే భూమిపై నిర్మూలమైన వ్యాధులు రెండే. మొదటిది మశూచికము, రెండవది యీ ముసర. మశూచికమునకు టీకా కనిపెట్టిన జెన్నరు పేరు మన బడిపిల్లలకును తెలియును. ముసరతో తొలుత పెనగిన శాస్త్రజ్ఞులలో నొకడైన ఆర్నాల్డ్ థైలర్ పేరు దక్షిణాఫ్రికాలో నెంత ప్రసిద్ధమో మన ప్రాంతమున నంత పరిచితము కాదు. పాడిపంటలపై నాధారపడిన మన పాఠకులు తెలిసికొనదగిన జీవితము గావున దానిని గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి.

థైలర్ 1867వ సంవత్సరము మార్చి 26వ తేదీన స్విట్జర్లండులోని ఫ్రిక్ అను చిన్నయూర జన్మించెను. తండ్రి బడిపంతులు. బెర్న్, జూరిచ్ నగరములలో పశువైద్యము చదివి 1889లో పట్టము పొందెను. స్వదేశమున కొంతకాలము వైద్యము చేసి, 1891లో తన యిరువదినాలుగవ యేట ట్రాన్స్‌వాలునకు వలసపోయెను. అది యప్పుడు బోయరుల స్వతంత్రరాజ్యము; బంగారుగనులకై లోకమంతయు నచ్చటికి పరువెత్తుచుండెను. ఈయన కచ్చట లభించినది బంగారము కాదు. ప్రిటోరియా చెంత ఐరీన్ అను వ్యవసాయక్షేత్రమున పనిచేయుచుండగా చొప్పకోయు యంత్రములో బడి యెడమచేయి పోయినది. పరదేశము, చేత ధనము లేదు, బరువైన పశువులను పట్టి కట్టి సూదివేయవలసిన వృత్తి. అట్టి వృత్తికి మిగిలినది యొక్క చేయి! స్వదేశమునకు మరలిపోయినచో నెవ్వరు నాతనిని తప్పుపట్టి యుండరు. ఆతడు మరలలేదు.

1893లో గనుల ప్రాంతమున మశూచికము వ్యాపించెను. థైలర్ దూడలపై టీకారసమును పెంచి సిద్ధపఱచి గనులకు సరఫరా చేసెను. ఆ యేటనే ఎమ్మా యెగ్గె యను స్వదేశపు కన్య ప్రిటోరియాకు వచ్చి యాతనిని పెండ్లాడెను. ప్రసంగవశమున నొకమాట. ఆ 1893లోనే మోహనదాసు గాంధి యను యువన్యాయవాది దర్బానులో దిగి, ఒక వ్యాజ్యము నిమిత్తము ప్రిటోరియాకే వచ్చి, ఇంచుమించు సంవత్సరకాల మచ్చట వసించెను.

ముసర ఆఫ్రికాఖండమునకు సహజమైనది కాదు. 1887 ప్రాంతమున ఇటలీవారు తమ సైన్యమునకై యెఱ్ఱసముద్రతీరమునకు దెచ్చిన పశువులతో నది దిగెననియు, ఆ పశువులలో మన దేశపువి యుండెననియు చరిత్రకారులలో పెక్కుమంది వ్రాసిరి. అచ్చటినుండి దక్షిణముగా ప్రాకి 1896లో జాంబెజీనది దాటెను. ఆ దేశమున నాడు సరకురవాణా యెక్కువగా ఎద్దులబండ్లమీదనే సాగుచుండెను. బండ్లు పోయిన దారినే రోగమును పోయెను. కట్టిన యెడ్లు కట్టినచోటనే కూలగా సరకుతోగూడ బండ్లు బాటల ప్రక్కల నిలిచిపోయినవి. జాంబెజీకి దక్షిణమున నిరువదియైదు లక్షలకు పైగా పశువులు చచ్చెనని లెక్క. ప్రభుత్వములు సరిహద్దులలో కంచెలు నాటి, రోగము సోకిన మందలను తుపాకులతో కాల్పించినవి. నల్లవారి మందలను కాల్పించుట వలన బెచువానా ప్రాంతమున లాంగెబెర్గు తిరుగుబాటే లేచినది. పశువే ధనము, పశువే కన్యాశుల్కము, పశువే యాహారముగా గల జనులకు మంద పోవుట యన నేమో మన రైతునకు వేరుగ చెప్పనక్కఱలేదు.

క్రూగరు ప్రభుత్వము థైలరును రాజ్యపు పశువైద్యునిగా నియమించెను. నేటాలు ప్రభుత్వ పశువైద్యుడైన వాట్కిన్స్-పిచ్‌ఫర్డుతో గలిసి యాతడు 1896 చివర మారికో ప్రాంతమున ప్రయోగములు సాగించెను. రోగము సోకి బ్రతికిన పశువు రక్తమునుండి తీసిన రసమును ఇతర పశువుల కెక్కించినచో వానికి రక్షణ కలుగునని యా యిరువురు కనిపెట్టిరి. ఆ దినములలోనే జర్మనీనుండి రాబర్ట్ కాక్ పండితుడు కింబర్లీకి వచ్చి, రోగమున చచ్చిన పశువు పిత్తమును 10 ఘనసెంటీమీటర్లు చర్మము క్రింద నెక్కించు పద్ధతిని ప్రకటించి, 1897 వసంతమున ప్లేగును పరిశీలించుటకై బొంబాయికి వెడలిపోయెను. లోకమున కీర్తి కాక్‌నకు దక్కినది. కాని కాలపరీక్షకు నిలిచినది పిత్తము కాదు; రక్తరసమును రోగవిషమును ఒక్కమాఱే యెక్కించు పద్ధతి దానిని వెనుకకు నెట్టివేసినది. పిమ్మట మన ముక్తేశ్వర పరిశోధనాలయమున ఎడ్వర్డ్స్ మేకలలో పెంచి మెత్తబఱచిన విషముతో టీకా చేసెను. 1960 తర్వాత కెన్యాలో ప్లౌరైట్ చేసిన టీకాతో ముసరకు కడపటి దెబ్బ తగిలినది. మారికో ప్రయోగములు ఆ దారిలో తొలి మజిలీలలోనివి.

1899లో బోయరులకును ఆంగ్లేయులకును యుద్ధము వచ్చెను. థైలర్ బోయరుల ఫిరంగిదళమునకు పశువైద్యుడుగా లేడీస్మిత్ ముట్టడిలో నుండెను. ఆ నగరమును విడిపింప వచ్చు ఆంగ్లసేనల వెంట గాంధీగారి భారతీయుల డోలీదళము గాయపడినవారిని మోయుచుండెను. ఒకే రణరంగమున నీ యిరువురు నెదురెదురు శిబిరములలో నుండుట విధివిలాసము. ప్రిటోరియా ఆంగ్లేయుల వశమైన పిమ్మట థైలర్ క్రొత్త ప్రభుత్వమున గూడ తన పని మానలేదు. దీనిని కొందఱు ఆక్షేపింపవచ్చును. జెండా మాఱినంత మాత్రమున దొడ్డిలోని రోగము మాఱదు గదా యని మా తలంపు. అయినను 1914లో ఆయన స్వీకరించిన సర్ బిరుదమును గూర్చి మేము ప్రత్యేకముగ సంతోషింపవలసిన దేమియు లేదు.

యుద్ధము వెనుక మఱియొక యుపద్రవము వచ్చెను. యుద్ధమున నశించిన పశుసంపదను నింపుటకు 1901, 1902 ప్రాంతమున తూర్పుతీరమునుండి దెచ్చిన పశువులతో క్రొత్తజ్వర మొకటి దిగెను. పలువురు దానిని పాత యెఱ్ఱమూత్రవ్యాధియే యనుకొనిరి. కాక్ పండితుడు మరల వచ్చి చేసిన టీకాప్రయత్నము ఫలింపలేదు. అది వేఱు రోగమనియు, రక్తమునందు కానవచ్చు సూక్ష్మజీవి వేఱనియు థైలర్ నిరూపించెను. పిడుదులు దానిని వ్యాపింపజేయు విధమును కేపు రాజ్యపు కీటకశాస్త్రజ్ఞుడు లౌన్స్‌బరీ తెలిపెను. మందు దొరకలేదు. కాని పశువులను కొన్నిదినముల కొకసారి మందునీటితొట్టిలో దింపి పిడుదులను చంపుట, రాకపోకలను ఆపుట యను రెండు కట్టుబాట్లతో ఆ రోగమును క్రమముగా నణచగలిగిరి. 1907లో నా సూక్ష్మజీవి జాతికి థైలేరియా యని పేరు పెట్టిరి. మన సంకరజాతి యావులకు పిడుదుల వలన వచ్చు థైలేరియా జ్వరము ఆ జాతిలోని వేఱొక జీవి వలన కలుగునదే. ఆ పేరు పలుకు గోపాలకులలో నది యొక మనుష్యుని పేరని యెఱిగినవా రరుదు.

1908లో ప్రిటోరియాకు ఉత్తరమున ఆండర్‌స్టెపూర్ట్ అనుచోట ఆయన కోరిన పరిశోధనాలయము వెలసెను. గుఱ్ఱపుజాడ్యము, గొఱ్ఱెల నీలినాలుక, ఎఱ్ఱకణములను నాశముచేయు అనాప్లాస్మా మున్నగు వ్యాధులపై అచ్చట జరిగిన కృషి నంతయు వివరించుటకు స్థలము చాలదు. వానకాలమున మన గొఱ్ఱెలకాపరులను బాధించు నీలినాలుకకు థైలర్ చేసిన టీకా యా దేశమున ముప్పదియేండ్లకు పైగా వాడుకలో నుండెను. కాని యొక్క సంగతిని విడువరాదు. 1918 ప్రాంతమున, గుఱ్ఱపుజాడ్యము రాకుండ రక్తరసమును విషమును ఎక్కించిన గుఱ్ఱములలో కొన్ని, కొన్ని వారముల తరువాత కాలేజము చెడి చచ్చిపోవుచుండెను. రక్షణకై యిచ్చిన మందే మృత్యువును మోసికొని పోయినట్లు కనబడినది. ఆ మందు ఆయన సంస్థది. దాచవలెనన్న దాచవచ్చును, థైలర్ దానిని స్వయముగ సవిస్తరముగ వ్రాసి ప్రకటించెను. నేటికిని ఆ వ్యాధికి థైలర్ వ్యాధి యనియే పేరు. దానికి ముఖ్యకారణముగా నెన్నదగిన సూక్ష్మవిషము శతాబ్దము గడచి, 2018లో గాని బయటపడలేదు.

ఇక మా దృష్టిలో నాతని జీవితమున కెల్ల మకుటాయమానమైన ఘట్టము లామ్‌సీక్టె యను పక్షవాతమునకు సంబంధించినది. వర్షము తక్కువైన గడ్డిమైదానములలో మేయు ఆవులు, ముఖ్యముగ పాలిచ్చునవి, కాళ్లు పడిపోయి, నాలుక వ్రేలాడి, కొలదిదినములలో చచ్చుచుండెను. సూక్ష్మజీవి కనబడదు, అంటువ్యాధి లక్షణము లేదు. ఏదో విషపుగడ్డి కారణమని థైలర్ సంవత్సరముల తరబడి నమ్మి, ఆ గడ్డికై వెదకించెను. అది దొరకలేదు. రైతు లొక విషయమును చిరకాలమునుండి చూచుచుండిరి: ఆ ప్రాంతపు పశువులు ఎముకలకై యాతురపడి, బయట బడియున్న కళేబరముల నస్థులను నమలుచుండెను. కేపు రాజ్యపు పశువైద్యుడు హచిన్ గడచిన శతాబ్దముననే యెముకలపొడి పెట్టుడని రైతులకు సలహా నిచ్చియుండెను. థైలర్ ఆ దారిని చాలకాలము పట్టలేదు.

1919లో నాతడు వ్రైబర్గు చెంత ఆర్మూడ్స్‌వ్లాక్టె యనుచోట మకాము వేసెను. ఆ పేరునకు బీదమైదానమని యర్థము. రోగమునకు తగిన పేరే. అచ్చట నెముకలకై యాతురపడు పశువులను వేఱుచేసి, కొన్నింటికి శుభ్రమైన యెముకలను, కొన్నింటికి కుళ్లిన కళేబరపు టెముకలను పెట్టిచూచెను. కుళ్లినవి తిన్నవానికే పక్షవాతము వచ్చినది. విషము గడ్డిలో లేదు. కుళ్లిన మాంసమున పెరుగు బొటులినస్ జాతి సూక్ష్మజీవి పుట్టించు విషమది. అయితే గడ్డిమేయు ఆవు కళేబరము నేల ముట్టుచున్నది? నేలలో భాస్వరము తక్కువ. గనుక ఎండకాలపు గడ్డిలోను తక్కువ. గనుక పశువు దేహమునను తక్కువ. ఆ కొఱత తీర్చుకొనుటకై యది యెముకను వెదకును. ఎముకల పొడిని దినదినము కొంచెముగ పెట్టగా ఆ యాతురత తగ్గినది, రోగము నిలిచినది, పైగా పశువుల బరువును పాలును హెచ్చినవి. సూక్ష్మజీవులను వేటాడుటలో పేరుపొందిన పండితుడు యాబదియేండ్లు దాటిన వయసున తన పూర్వాభిప్రాయమును విడిచి, రోగపుమూలము నేలలో నున్నదని ప్రకటించెను.

వేసవిలో మన పశువులు గోడలు నాకుట, గుడ్డలు, ఎముకలు నములుట చూడని రైతు లేడు. దానిని చెడ్డయలవాటని కొట్టి తోలుట మన గ్రామములలో కలదు. ఆ పశువు తన కేమి కొఱతయో చెప్పుచున్నదని యా బీదమైదానపు ప్రయోగములు తెలుపుచున్నవి. నేడు బ్రిటనులో 1986లో బయలుపడిన పిచ్చియావుల రోగము తరువాత పశువులకు ఎముకలపొడి పెట్టుట పెక్కుదేశములలో నిషిద్ధమైనది; దాని స్థానమున ఖనిజలవణ మిశ్రమము వచ్చినది. మార్గము మాఱినది గాని, కొఱత యన్నచోటనే యున్నది.

1920లో దక్షిణాఫ్రికాలో ప్రథమ పశువైద్య విద్యాపీఠము ఆండర్‌స్టెపూర్టులో నేర్పడగా థైలర్ దానికి ప్రథమాధ్యక్షుడయ్యెను. అంతకుముందు పశువైద్యులగుట కా దేశపు యువకులు సముద్రములు దాటి పోవలసియుండెను. అయితే ఆ తలుపులు చిరకాలము తెల్లవారికే తెఱవబడినవి. మందలు పోగొట్టుకొనుటలో నందఱికన్న నెక్కువ నష్టపడిన నల్లజాతి రైతుబిడ్డల కా పీఠమున చోటు దొరకుటకు ఇంచుమించు శతాబ్దాంతము వఱకు వేచియుండవలసివచ్చెను. ఈ దోషము థైలర్ యొక్కనిది కాదు. ఆతనిని పోషించిన రాజ్యములది. కాని దానిని చెప్పక యాతని కీర్తిని మాత్రము చెప్పుట మాకు సమ్మతము కాదు.

1927లో నాతడు పదవి వదలెను. 1936వ సంవత్సరము జులై 24వ తేదీన లండను నగరమున కాలధర్మము నొందెను. కుమార్తె గర్ట్రూడ్ తండ్రి పనికి సమీపముననే యుండి ఆఫ్రికా పిడుదులను గూర్చి ప్రామాణికమైన గ్రంథములు వ్రాసెను. ప్రిటోరియాలో 1899లో, యుద్ధమునకు కొన్నినెలలు ముందు, పుట్టిన కుమారుడు మాక్స్ అమెరికాకు పోయి, మనుష్యులకు వచ్చు పచ్చజ్వరమునకు టీకా చేసి, 1951లో నోబెల్ బహుమానము నందెను.