గీత నేర్పిన చూపు

ఛాయాచిత్రం యంత్రం చేసే పని అనీ, చిత్రలేఖనం మనిషి చేసే పని అనీ ఒకప్పుడు చాలామంది భావించేవారు. కెమెరా ముందున్నదంతా దానంతటదే పలకమీద పడుతుంది గనుక అందులో కళకు చోటు లేదని వారి వాదం. అయితే ఒకే కోట ఎదుట, ఒకే రకం కెమెరాతో ఇద్దరు నిలిచినప్పుడు ఒకరి చిత్రం మరునాటికే మరుగున పడిపోతుంది. మరొకరి చిత్రం నూరేళ్లు గడిచినా చూపరులను నిలబెడుతుంది. ఈ భేదానికి కారణం యంత్రం కాదు. ఎక్కడ నిలవాలో, దేనిని చేర్చుకోవాలో, దేనిని విడిచిపెట్టాలో నిర్ణయించే చూపు. ఆ చూపును మనదేశంలో తొలితరంలోనే సాధించి, హైదరాబాదును కర్మభూమిగా చేసుకొన్న ఛాయాచిత్రకారుడు రాజా లాలా దీన్‌దయాళ్.

దీన్‌దయాళ్ 1844లో ఉత్తరభారతంలోని మీరట్ సమీపాన గల సర్ధనా పట్టణంలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. వారిది నగల వ్యాపారం చేసే వంశం. ఆయన మాత్రం ఆ వృత్తిలోకి పోకుండా రూర్కీలోని థామ్సన్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరారు. 1847లో స్థాపితమైన ఆ విద్యాలయమే కాలక్రమాన నేటి రూర్కీ ఐ.ఐ.టి.గా రూపొందింది. నేలను కొలవడం, కట్టడాన్ని కాగితంమీదికి దించడం, అంచనాలు వేయడం అక్కడి విద్యలో ముఖ్యమైన భాగాలు. చిత్రకారుడు గీసే గీత అందం కోసం వంపు తిరగవచ్చు. ఇంజనీరు గీసే గీతకు ఆ స్వేచ్ఛ లేదు. కాగితంమీద గీత వంకరపోతే నేలమీద గోడ వంకరపోతుంది. ఈ క్రమశిక్షణలో ఆయన కన్నూ చెయ్యీ పదునుదేరాయి.

విద్య ముగిసిన పిదప, 1866లో, ఇందూరు నగరంలోని ప్రజాపనుల శాఖలో ఆయనకు ఉద్యోగం లభించింది. కట్టడాల ఖర్చులకు అంచనాలు వేయడం, నక్షాలు గీయడం ఆయన విధులు. నెలనెలా జీతం, సంఘంలో గౌరవం గల కొలువు అది. ఆ కొలువులో ఉండగానే ఆయన మనసు కెమెరావైపు మళ్లింది. ఇందూరు పాలకుడు రెండవ తుకోజీరావు హోల్కర్, మధ్యభారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఆయన ప్రయత్నాలను గుర్తించి ప్రోత్సహించారు. ఆ ఆదరణతో ఇందూరులోనే ఆయన ఛాయాచిత్రశాల వెలిసింది. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశంలో పర్యటించినప్పుడు చిత్రాలు తీసే అవకాశం కూడ దక్కింది.

ఆ రోజులలో ఒక్క చిత్రం తీయడం ఎంత శ్రమతో కూడిన పనో నేడు ఊహించడం కష్టం. గాజుపలకకు కొలోడియన్ అనే జిగటద్రవాన్ని సమంగా పూసి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో ఉంచి చిత్రం తీయాలి. వెంటనే చీకటి గుడారంలో రసాయనాలతో కడిగి బింబాన్ని పైకి తేవాలి. పలక ఆరిపోతే శ్రమ అంతా వృథా. కాబట్టి ఎక్కడికి వెళ్లినా కెమెరాతోపాటు గాజుపలకలు, రసాయనాల సీసాలు, నీరు, గుడారం బండిమీదనో కూలీల తలలమీదనో తరలి వెళ్లవలసిందే. తరువాతి కాలంలో ఆరిన పలకలు వాడుకలోకి వచ్చి ఈ శ్రమ కొంత తగ్గింది గాని, కెమెరా బరువూ గాజు బరువూ తగ్గలేదు.

ఆ కష్టంలోనే ఒక గొప్ప పాఠం ఇమిడి ఉంది. ఛాయాచిత్రకారుడు నల్లని గుడ్డ కప్పుకొని కెమెరా వెనుకనున్న గరుకుగాజును చూసేవాడు. కటకం గుండా వచ్చిన బింబం దానిమీద తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారై కనిపించేది. ఆకాశం కింద, నేల పైన. అలా చూసినప్పుడు కోట కోటలా, గుడి గుడిలా తోచదు. వెలుగునీడల ముక్కలు, గీతలు, ఖాళీస్థలాలు మాత్రమే కంటికి ముందుగా గోచరిస్తాయి. నక్షాలు గీసి గీసి గీతల భాష తెలుసుకొన్న వ్యక్తికి ఆ గాజు పరిచితమైన కాగితం వంటిదే. పైగా నాడు గాజుపలకను కాగితానికి ఆనించి అచ్చుతీసేవారు గనుక పలక ఎంత ఉంటే చిత్రం సాధారణంగా అంతే. తరువాత పెంచుకొందామనే వీలు గాని, అనవసరమైన భాగాన్ని కత్తిరించి మిగిలినదానిని పెద్దది చేద్దామనే ధీమా గాని లేవు. చిత్రంలో ఏది ఎక్కడ ఉండాలో తీయకముందే తేల్చుకోవాలి. అలా ముందే తేల్చుకొనే పనికే కూర్పు అని పేరు.

కూర్పులో మొదటి ఉపకరణం గీత. గీత అంటే గీసినదే కానక్కరలేదు. గోడ అంచు, మెట్ల వరుస, బాట, నది ఒడ్డు, స్తంభాల పంక్తి, మనుషుల వరుస ఇవన్నీ చిత్రంలో గీతలే. అడ్డంగా సాగే గీత నిశ్చలతను, విశ్రాంతిని స్ఫురింపజేస్తుంది. నిలువుగీత స్థైర్యాన్ని, ఔన్నత్యాన్ని సూచిస్తుంది. ఏటవాలు గీత కదలికను పుట్టిస్తుంది. దూరం పోయేకొద్దీ ఒకదానికొకటి దగ్గరయ్యే రెండు గీతలు చూపును చేయిపట్టి లోపలికి తీసుకొనిపోతాయి. వంపుగీత చూపును తొందరపెట్టక మెల్లగా నడిపిస్తుంది. ఈ గీతలను ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించాలో ఎరిగినవాడే చూపరి కంటిని తాను కోరిన చోట నిలపగలడు.

1880ల తొలి సంవత్సరాలలో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట దీన్‌దయాళ్ బుందేల్‌ఖండ్ ప్రాంతంలో పర్యటించారు. మధ్యభారతంలోని ప్రాచీన కట్టడాలను చిత్రించడం ఆ పర్యటన ఉద్దేశం. ఆ కృషి ఫలితంగా 86 ఛాయాచిత్రాల సంపుటం వెలువడింది. గ్వాలియర్ కోటలోని మానమందిరం వంటి పొడవైన కట్టడాన్ని సూటిగా ఎదుట నిలిచి చిత్రిస్తే అది పరచిన గుడ్డవలె చదునుగా కనిపిస్తుంది. కొంత పక్కకు జరిగి ఒక మూలనుండి చూస్తే గోడ అంచులు ఏటవాలుగా వెనక్కు సాగి, బురుజులు ఒకదాని వెనుక ఒకటి నిలిచి, కట్టడానికి లోతు ఏర్పడుతుంది. నిలిచే చోటు మారితే గీత మారుతుంది; గీత మారితే కోట స్వరూపమే మారుతుంది.

ఎత్తైన కట్టడాలతో మరొక చిక్కు ఉంది. శిఖరం చట్రంలో ఇమడాలని కెమెరాను పైకెత్తితే నిలువుగీతలు పైభాగాన దగ్గరపడి, కట్టడం వెనక్కు వాలిపోతున్నట్లు కనిపిస్తుంది. నాటి పెద్ద కెమెరాలలో దీనికి ఉపాయం ఉండేది. గాజుపలకను నిట్టనిలువుగా ఉంచి, కటకం ఉన్న ముందుభాగాన్ని మాత్రం పైకి జరిపేవారు. అప్పుడు శిఖరమూ ఇమిడేది, స్తంభమూ స్తంభంలా నిటారుగా నిలిచేది. దీన్‌దయాళ్ తీసిన కట్టడాల చిత్రాలలోని నిబ్బరానికి నిలువుగీతల పట్ల ఆయన చూపిన ఈ శ్రద్ధ ఒక ముఖ్యకారణం. కట్టడం దగ్గర ఒక మనిషిని నిలబెట్టడమో కూర్చోబెట్టడమో ఆనాటి చిత్రకారులు పాటించిన మరొక పద్ధతి. ఆ చిన్న ఆకారమే కట్టడపు అసలు పరిమాణాన్ని చెప్పే కొలబద్ద.

1885లో దీన్‌దయాళ్ వైస్రాయి లార్డ్ డఫ్రిన్‌కు ఛాయాచిత్రకారుడిగా నియమితులయ్యారు. ఒకవైపు స్థిరమైన ప్రభుత్వోద్యోగం, మరొకవైపు రాబడికి హామీ లేని కొత్త కళ. గాజుపలకలు, రసాయనాలు ఖరీదైనవి. చిత్రం చెడిపోతే నష్టం తనదే. అయినా ఆయన తుదకు కొలువును వదులుకొని కెమెరానే నమ్ముకొన్నారు. 1886లో సికిందరాబాదులో చిత్రశాలను నెలకొల్పారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను తన ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా స్వీకరించి, రాజా బిరుదుతోపాటు ముసవ్విర్ జంగ్ అనే బిరుదును కూడ ప్రసాదించారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. యంత్రంతో పనిచేసేవానికి చిత్రకారుడనే పేరు దక్కడం ఆ కళకే లభించిన గుర్తింపు.

హైదరాబాదులో ఆయన చిత్రించిన చార్మినారు ప్రసిద్ధమైనది. విశాలమైన వీధి, దాని ఇరువైపులా సాగిన కట్టడాల వరుసలు చూపును ముందుకు నడిపి ఆ నాలుగు మినారుల చెంతకు చేరుస్తాయి. అక్కడ చూపు నిలువుగీతలను ఆసరా చేసుకొని పైకి ఎగబాకుతుంది. వీధి లేకుండా చార్మినారును మాత్రమే చిత్రించి ఉంటే అది ఒక కట్టడపు చిత్రం అయ్యేది. వీధితో కలిపి చిత్రించడంవల్ల అది ఒక నగరపు చిత్రం అయింది. ఫలక్‌నుమా, బషీర్‌బాగ్ ప్రాసాదాలను, దర్బారులను, సైనిక విన్యాసాలను, వేటలను కూడ ఆయన కెమెరా పదిలపరచింది.

మనుషుల చిత్రాలలో సమస్య వేరు. పదిమందిని ఒకే వరుసలో నిలబెడితే తలలన్నీ ఒకే అడ్డగీతగా ఏర్పడి చిత్రం కంచెను తలపిస్తుంది. కొందరిని కుర్చీలలో, కొందరిని నేలమీద కూర్చోబెట్టి, మరికొందరిని వెనుక నిలిపితే తలల గీత ఎగుడుదిగుళ్లతో సజీవమవుతుంది. దీన్‌దయాళ్ తీసిన సామూహిక చిత్రాలలో ఈ అమరిక విశేషంగా కనిపిస్తుంది. 1892లో ఆయన హైదరాబాదులో స్త్రీలకోసం ప్రత్యేక చిత్రశాలను ప్రారంభించి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు సంకోచం లేకుండా చిత్రాలు తీయించుకొనే వీలు దీనివల్ల కలిగింది. 1896లో బొంబాయిలోనూ ఒక శాఖ వెలసింది. 1897లో విక్టోరియా రాణి నుండి రాజముద్రాంకితమైన గుర్తింపు లభించింది.

రాజప్రాసాదాల చిత్రాలతోనే ఆయన కృషి ముగిసిపోలేదు. పందొమ్మిదవ శతాబ్ది చివర నిజాం రాజ్యంలో కరవు ఏర్పడినప్పుడు జరిగిన సహాయకార్యక్రమాలను కూడ ఆయన సంస్థ చిత్రించింది. దర్బారులో వెలిగే స్తంభాల వరుసను చూపిన కెమెరాయే పనికోసం గుమిగూడిన పేదజనాన్ని చూపింది. ఆ చిత్రాలను ప్రభుత్వమే తీయించింది గనుక అవి ప్రభుత్వం చూపదలచిన దృశ్యాలే కావచ్చు. అయినప్పటికీ చరిత్రగ్రంథాలలో పేర్లకెక్కని మనుషుల ముఖాలు వాటిలో నిలిచి ఉన్నాయి.

చివరి సంవత్సరాలలో ఆయనకు పుత్రశోకం తప్పలేదు. వృత్తిలో తోడుగా నిలిచిన కుమారులలో ధరమ్‌చంద్ 1904లో మరణించారు. మరుసటి సంవత్సరమే, 1905 జూలై 5వ తేదీన, దీన్‌దయాళ్ బొంబాయిలో కన్నుమూశారు. మరొక కుమారుడు జ్ఞాన్‌చంద్ సంస్థను కొనసాగించారు.

ఆయన మరణించిన మూడేళ్లకు, 1908లో, మూసీనది వరదలు హైదరాబాదును అతలాకుతలం చేశాయి. ఆ పిదప నగరం ఎన్నో మార్పులకు లోనైంది. బషీర్‌బాగ్ ప్రాసాదం నేడు లేదు. దాని పేరు మాత్రం ఒక పేటకు మిగిలింది. ఆ ప్రాసాదపు మందిరాలను చూడగోరే వారికి దీన్‌దయాళ్ చిత్రాలే శరణ్యం. ఆయన చిత్రశాలకు చెందిన 2,857 గాజుపలకలను న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించి భద్రపరచింది. 2006లో భారత తపాలాశాఖ ఆయన స్మృత్యర్థం తపాలాబిళ్లను విడుదల చేసింది.

నేటి చరవాణి తెరమీద రెండు నిలువుగీతలు, రెండు అడ్డగీతలు చట్రాన్ని తొమ్మిది గళ్లుగా విభజిస్తూ కనిపిస్తాయి. ప్రధానవస్తువును నడిమధ్య కాక ఆ గీతల కూడలిలో ఉంచడం, దిగంతరేఖను మధ్యకు తేక మూడవవంతు దగ్గర నిలపడం తొలి అభ్యాసానికి తోడ్పడే నియమాలు. దిగంతరేఖ ఒరిగిపోకుండా చూసుకోవడానికి కూడ అవే గీతలు ఆధారం. అవసరమైనచోట ఈ నియమాన్ని దాటవచ్చు. చార్మినారువలె నాలుగువైపులా సమానంగా ఉన్న కట్టడానికి మధ్యస్థానమే శోభనిస్తుంది. కాని దాటడానికి ముందు నియమాన్ని ఎరిగి ఉండాలి. ఒక్క క్షణంలో పది చిత్రాలు తీయగల సాధనం నేడు విద్యార్థుల చేతిలో ఉంది. దీన్‌దయాళ్ చేతిలో ఒక్క గాజుపలక మాత్రమే ఉండేది. మీట నొక్కడానికి ముందు నిలిచే చోటును, చట్రంలోని గీతలను పరిశీలించి చూడడం నాడు ఆయనకు ఎంత అవసరమో నేటి విద్యార్థికీ అంతే అవసరం.