పీహెచ్‌డీ చేసి ఏం పొడిచాడంటారా? బోదకాలు మాత్రని అడగండి

పక్కింటోళ్ళ పిల్లోడు పీహెచ్‌డీ చేస్తన్నాడంటే మనోళ్ళు అడిగే మొదటి మాట, ఉద్యోగం ఎప్పుడొస్తదని. రెండోది, అయిదేళ్ళ నుంచీ ఇంకా అదే చదువా అని. మూడో మాట మొహం మీద అడగరు గానీ వెనకమాల అనుకుంటారు, దానివల్ల ఎవడికి ఉపయోగం అని. ఆ మూడో మాటకి జవాబు చెప్పాల్సింది చదువుకున్నోళ్ళే. వాళ్ళు చెప్పరు. చెప్పినా ఇంగ్లీషులో చెప్తారు. అందుకని ఇయ్యాల ఒక పెద్దమనిషి జీవితం చెప్పుకుందాం. ఆయన చేసిన పీహెచ్‌డీ ఏందో, అది ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోయిందో మన ముఠా కూలీకీ అంగన్‌వాడీ ఆయాకీ అర్థమయ్యేటట్టు చెప్పుకుందాం. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడింది 1925లో. అంతకుముందు కొన్నేళ్ళు భీమవరం మన కృష్ణా జిల్లాలోనే ఉంది. కాబట్టి ఈయన మనోడే అని చెప్పుకోవటానికి గవర్నమెంటు లెక్క కూడా ఒప్పుకుంటది.

తండ్రి జగన్నాథం రెవెన్యూలో చిన్న ఉద్యోగి. ఒంట్లో బాగోక పని ముందే మానేశాడు. ఇంట్లో ఏడుగురు పిల్లలు. పదమూడేళ్ళప్పుడు సుబ్బారావు ఇంట్లోంచి పారిపోయాడు. కాశీ పోయి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి బాగా సంపాదించాలని ఆలోచన. దారిలోనే దొరికిపోయాడు. తండ్రి పోయాక తల్లి వెంకమ్మ ఒంటిమీద బంగారం అమ్మి చదివించింది. ఇంత చేస్తే మెట్రిక్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసులో హిందూ హైస్కూల్లో గట్టెక్కాడు. ఇయ్యాల ఇంటర్లో ఒక సబ్జెక్టు పోతే పిల్లలు ప్రాణాలు తీసుకునే పరిస్థితి తెచ్చాం మన బెజవాడ కార్పొరేట్ కాలేజీల పుణ్యాన. ఆ లెక్కన చూస్తే సుబ్బారావు పనికిరాని సరుకు కింద జమ. ఈ సంగతి మన పిల్లలకి ముందు చెప్పాలి.

తర్వాత రామకృష్ణ మఠంలో సన్యాసం తీసుకుంటానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. అది గాంధీ పిలుపు ఊరూరా మోగుతున్న కాలం. సుబ్బారావు ఖద్దరు కట్టాడు. ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌనుతోనే పొయ్యాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకి కడుపు మండింది. చివరికి ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే తక్కువైన ఎల్ఎంఎస్ చేతిలో పెట్టారు. ఆ కాగితంతో గవర్నమెంటు కొలువు దక్కక, మద్రాసు ఆయుర్వేద కాలేజీలో శరీర శాస్త్రం పాఠాలు చెప్పుకున్నాడు.

ఇంట్లో ఇంకో దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో అన్న, తమ్ముడు రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటబట్టక, విరోచనాలై, రక్తం విరిగిపోయి మనిషి ఎండిపోయే జబ్బు. అప్పట్లో దానికి మందు లేదు. సుబ్బారావుకి కూడా ఆ జబ్బు తగిలి బతికి బయటపడ్డాడు. ఎందుకు పోయారు, ఏముంటే బతికేవాళ్ళు అనే ప్రశ్న ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

1920ల మొదట్లో అమెరికా బయల్దేరాడు. డబ్బు ఎక్కడిదంటే, కొంత మామగారు సర్దాడు. కొంత కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చింది. ఈ సత్యలింగ నాయకర్ పడవల ఊరు కోరంగిలో పుట్టి, రంగూన్ పోయి సంపాదించి, ఆస్తి చదువులకి రాసిన మనిషి. అంటే ఒక లోకప్రసిద్ధ శాస్త్రవేత్త వెనకాల రేవులో చెమటోడ్చిన డబ్బుంది. పల్లెలో మనం కట్టే పన్నులతో ఇంకెక్కడో ఎవరో చదువుకుంటన్నారని గొణిగేవోళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

భార్య శేషగిరి అప్పటికి కడుపుతో ఉంది. కొడుకు పుట్టి పసితనంలోనే పోయాడు. సుబ్బారావు ఆ బిడ్డని చూళ్ళేదు, భార్యని మళ్ళీ చూళ్ళేదు. పెద్దోళ్ళ జీవితాలు రాసేటప్పుడు ఈ ముక్క ఒక వాక్యంలో దాటేస్తారు. ఆయన ల్యాబులో గడిపిన రాత్రుల లెక్కలో ఆమె ఒంటరిగా గడిపిన ఏళ్ళు కూడా కలపాలి.

బోస్టన్లో హార్వర్డ్ వాళ్ళ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో చేరాడు. స్కాలర్‌షిప్ లేదు. రాత్రిళ్ళు ఆస్పత్రిలో పోర్టరుగా చేశాడు. రోగుల మలమూత్రాల గిన్నెలు కడిగే పని. మద్రాసులో డాక్టరు, బోస్టన్లో గిన్నెలు కడిగే మనిషి. ఆ డిప్లొమా అయ్యాక సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్ దగ్గర బయోకెమిస్ట్రీలో చేరాడు.

ఇక అసలు సంగతికొద్దాం. పీహెచ్‌డీలో ఏం చేశాడు?

మొదట చేసింది ఒక కొలత. మన రక్తంలో ఫాస్ఫరస్ ఉంటది. ఎముకల్లో ఉంటది, కండలో ఉంటది. కానీ ఎంతుందో గబగబా, సరిగ్గా కొలిచే దారి అప్పట్లో సరైంది లేదు. ఫిస్కే, సుబ్బారావు కలిసి 1925లో ఒక పద్ధతి ప్రకటించారు. రక్తంలోంచి తీసిన నీళ్ళలో ఆసిడ్, మాలిబ్డేట్ అనే ఉప్పు కలిపి, ఇంకో రసాయనం వేస్తే నీలం రంగొస్తది. ఫాస్ఫరస్ ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం. రంగు ఎంత చిక్కగుందో చూస్తే లెక్క తెలిసిపోద్ది. టీ కొట్టు దగ్గర రంగు చూసి డికాషన్ ఎంత పడిందో చెప్తాం గదా, ఆ వరసే, కాకపోతే లెక్కతో.

ఇందులో గొప్పేముంది అనుకోవచ్చు. మన ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లో కిడ్నీలు పాడైనోళ్ళని అడగండి. కిడ్నీ పని మానేస్తే రక్తంలో ఫాస్ఫరస్ పేరుకుపోద్ది. అందుకే డయాలసిస్ రోగికి ఆ పరీక్ష మాటిమాటికీ రాస్తారు. ఇప్పుడు పెద్ద మిషన్లొచ్చాయి, పద్ధతిలో మార్పులొచ్చాయి. కానీ మాలిబ్డేటుతో ఫాస్ఫరస్‌ని పట్టుకోవటం అనే ఉపాయం అదే. మన బయోకెమిస్ట్రీ పిల్లలు ప్రాక్టికల్స్‌లో ఇయ్యాల్టికీ ఫిస్కే సుబ్బారావు పద్ధతి అనే రాస్తారు.

అసలు కత ఆ తర్వాత జరిగింది. అదే పద్ధతితో కండలో ఫాస్ఫరస్ కొలవబోయారు. రంగు రావాల్సిన టయానికి రాలేదు. నిదానంగా, ఆగి ఆగి ముదిరింది. ఇంకొకళ్ళయితే గ్లాసు సరిగ్గా కడగలేదనుకుని పారబోసి మళ్ళీ చేసేవాళ్ళు. వీళ్ళు ఆగి, ఎందుకు లేటయిందని అడిగారు. పరిశోధన అనే మాటకి అర్థం ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. వెతగ్గా వెతగ్గా తేలిందేందంటే, కండలో ఫాస్ఫరస్ కొంత ఇంకో పదార్థాన్ని అంటిపెట్టుకుని ఉంది. ఆసిడ్ తగిలాక మెల్లిగా విడిపోతా ఉంది. అందుకే రంగు లేటు. ఆ జంట పేరు ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. అదే ఏడు ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా వేరే దారిలో దీని జాడ పట్టారు.

దీని విలువ తెలియాలంటే గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్టుకి పోవాలి. ముఠా కూలీ బస్తా వీపుకెత్తే ఆ మొదటి క్షణం చూడండి. పొద్దున తిన్న అన్నం కండకి బలంగా మారాలంటే కొంత టైం పట్టుద్ది. కానీ బస్తా ఆగదు గదా. ఆ క్షణానికి బలం ఎక్కడ్నించొస్తది? దీన్ని డబ్బు లెక్కలో చెప్పుకుందాం. అన్నం, కొవ్వు బ్యాంకులో డబ్బు. ఏటీపీ అనే పదార్థం చేతిలో చిల్లర. కండ ఖర్చుపెట్టేది ఆ చిల్లరే. అది రెండు మూడు సెకన్లలో అయిపోద్ది. అప్పుడు జేబులో నోటు తీసి టక్కున చిల్లర మార్చుకుంటాం. ఆ నోటే ఫాస్ఫోక్రియాటిన్. పది సెకన్లు అటూ ఇటూగా అది నెట్టుకొస్తది. ఈలోగా బ్యాంకు తలుపులు తెరుస్తారు. బెంజి సర్కిల్ చుట్టుపక్కల జిమ్ముల్లో కుర్రాళ్ళు కలుపుకు తాగే క్రియాటిన్ పొడి పనిచేసేది ఈ లెక్క మీదే.

ఆ చిల్లర, అంటే ఏటీపీని కూడా 1929లో ఫిస్కే, సుబ్బారావు పట్టుకున్నారు. జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా అదే ఏడు విడిగా కనిపెట్టాడు. చీమ దగ్గర్నుంచి ఏనుగు దాకా, వరి మొక్క దగ్గర్నుంచి మనిషి దాకా ప్రతి ప్రాణీ వాడే చిల్లర అదే. అప్పటిదాకా లోకం నమ్మింది వేరు. లాక్టిక్ ఆసిడ్ తయారవటం వల్లే కండ కదులుద్దని నమ్మేవాళ్ళు. కండల మీద చేసిన పరిశోధనకి హిల్, మైయర్‌హాఫ్ అనే ఇద్దరికి 1922లో నోబెల్ కూడా ఇచ్చారు. రంగు లేటయిందన్న చిన్న అనుమానం అంత పెద్ద నమ్మకాన్ని కదిపింది. 1930లో సుబ్బారావుకి హార్వర్డ్ పీహెచ్‌డీ ఇచ్చింది.

డిగ్రీ ఇచ్చారు గానీ గట్టి కొలువు ఇవ్వలా. పదేళ్ళు చూశాడు. పేరంతా ఫిస్కేకే పోయింది. 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ కుర్రతనంలో ఆ ల్యాబులోనే పీహెచ్‌డీ చేశాడు. ఫిస్కే అసూయ వల్ల సుబ్బారావు కనిపెట్టిన సంగతులు కొన్ని బయటికి రాలేదనీ, వాటిని తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనిపెట్టాల్సొచ్చిందనీ ఆయనే తర్వాత చెప్పాడు. మన యూనివర్సిటీల్లో గైడు ఇంటికి కూరగాయలు మోసే రీసెర్చి స్కాలర్లకి ఈ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు.

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి న్యూయార్క్ దగ్గర పెరల్ రివర్‌లో లెడర్లే అనే మందుల కంపెనీలో చేరాడు. పరిశోధనకి పెద్ద అయ్యాడు. తర్వాత ఎనిమిదేళ్ళు చూస్తే కళ్ళు తిరుగుతయ్. 1945లో ఆయన జట్టు ఫోలిక్ ఆసిడ్ తయారుచేసింది. అన్నదమ్ముల్ని చంపిన స్ప్రూకి అది మందయింది. ఇయ్యాల మన పీహెచ్‌సీల్లో గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రలో రెండో సగం అదే. ఆ ఫోలిక్ ఆసిడ్‌కి అడ్డుపడే అమినాప్టెరిన్‌ని కూడా వాళ్ళే చేశారు. బోస్టన్లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సరొచ్చిన పిల్లలకి అది వాడాడు. 1948లో ఫలితం చెప్పాడు, 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌కీ, కీళ్ళవాతానికీ ఇయ్యాల్టికీ వాడతన్నారు. టెట్రాసైక్లిన్ వంశంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆ ల్యాబుదే. దాన్ని పట్టింది డగ్గర్ అనే వయసుమళ్ళిన శాస్త్రవేత్త. పేరు ఆయనకే వదిలేశాడు సుబ్బారావు.

మన డెల్టాకి చుట్టరికం ఉన్న మందు మాత్రం హెట్రజాన్. 1947లో వచ్చింది. పసిఫిక్ దీవుల్లో యుద్ధానికి పోయిన అమెరికా సైనికులకి ఫైలేరియా అంటుకోవటంతో దానికి మందు వెతికారు. దొరికింది డీఈసీ. కాలవలూ మురుగూ దోమలూ ఉన్న చోట బోదకాలు గురించి కొత్తగా చెప్పేదేముంది. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ గట్ల మీద బతికినోళ్ళకి కాలు వాచిన అవ్వ, చెప్పు పట్టని తాత తెలుసు. పెళ్ళి కుదరక ఆగిపోయిన ఆడపిల్లా తెలుసు. పురుగు రక్తంలో రాత్రిపూట తిరుగుద్ది. అందుకే ఫైలేరియా సిబ్బంది చీకటిపడ్డాక వచ్చి వేలు గుచ్చి చుక్క రక్తం తీస్తారు. డీఈసీ ఆ పిల్ల పురుగుల్ని చంపుద్ది. అప్పటికే ముదిరి వాచిన కాలుని మామూలు చెయ్యలేదు. కానీ దోమ ఒకళ్ళ దగ్గర్నుంచి ఇంకొకళ్ళకి మోసే సరుకుని తగ్గిస్తది. అందుకే ఊరంతా మింగాలి, జబ్బు లేనోళ్ళు కూడా. రెండేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుగా ఉన్నోళ్ళు తప్ప.

2004 నుంచి దేశంలో ఏటా ఊరంతటికీ ఈ మాత్రలిచ్చే కార్యక్రమం నడస్తంది. 2015కల్లా జబ్బు పోగొడతామన్నారు, పోలేదు. ఇప్పుడు 2027 అంటన్నారు. ఎందుకు పోలేదంటే, ఆశా కార్యకర్త గుమ్మంలోకొచ్చి ఇస్తే తర్వాత వేసుకుంటానని జేబులో పెట్టి చెత్తబుట్టలో వేసే చేతులు చాలా ఉన్నాయి. మురుగు కాలవలు బాగుచెయ్యని కార్పొరేషన్లూ ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళల్లో ఉంది గదా. దోమకి అంతకంటే ఏం కావాలి. మందు కనిపెట్టటం సుబ్బారావు వంతు, ఆ పని 1947లోనే అయిపోయింది. మిగిలిన వంతు మనదీ, మన పాలకులదీ.

ఆయన 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకి, నిద్రలోనే గుండె ఆగి పోయాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది. తిరిగి రాలేదు. నోబెల్ రాలేదు. 1995లో నూరేళ్ళ పండక్కి తపాలా శాఖ ఒక బిళ్ళ వేసింది.

ఇప్పుడు మొదట్లో అడిగిన మూడో మాటకొద్దాం. 1925లో ఆ నీలం రంగు చూసి దీనివల్ల ఎవడికి ఉపయోగం అని ఎవరైనా అడిగుంటే సుబ్బారావు దగ్గర కూడా పూర్తి జవాబు ఉండేది కాదు. కొలవటం నేర్చుకున్నాకే కండ రహస్యం తెలిసింది. ఆ చేతివాటం, ఆ ఓపికే మందుల దాకా నడిపించింది. పరిశోధన ఎప్పుడు కాపుకొస్తదో విత్తనం వేసినోడికే తెలీదు. మామిడి మొక్క నాటినోణ్ణి మర్నాడు కాయలడగం గదా, మరి ఇక్కడెందుకు తొందర?

అందుకని అడగాల్సిన మాటలు రెండున్నాయి. ఒకటి గవర్నమెంటుని. జేఆర్‌ఎఫ్ వచ్చినోళ్ళకి 2023 నుంచి నెలకి 37,000 చేశారు, మంచిదే. నెట్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీల్లో చేరినోళ్ళకిచ్చేది 8,000. రాష్ట్ర యూనివర్సిటీల్లో చాలామందికి అదీ లేదు. రాత్రిళ్ళు ట్యూషన్లు చెప్పుకుంటా, బండిమీద అన్నం పొట్లాలు మోస్తా పరిశోధన చెయ్యమంటే ఎట్టా? సుబ్బారావు గిన్నెలు కడిగి పైకొచ్చాడని చెప్పి మన పిల్లలతో కూడా కడిగించటం న్యాయం కాదు. గిన్నెలు కడగలేక ఆగిపోయిన సుబ్బారావులు ఎంతమందో ఎవరూ లెక్కపెట్టలేదు.

రెండోది స్కాలర్లని. అబ్బాయ్, అమ్మాయ్, మీ థీసిస్ శోధ్‌గంగలో పడేసి చేతులు దులుపుకోబాకండి. రెండు పేజీలు తెలుగులో రాయండి. ఏం ప్రశ్న వేసుకున్నారు, ఏం చేశారు, ఏం తేలింది, దాంతో మాకేంటి. మీ అమ్మకి చదివి వినిపించండి. ఆమెకి అర్థమైతే ఊరికి అర్థమైనట్టే. రేపు మీ స్టైపెండు కోసం రోడ్డెక్కితే పక్కన నిలబడేది ఆ ఊరే.

ఇక మిగతా మనందరికీ ఒకటే మాట. ఈసారి ఆశా అక్క మాత్రలు తెస్తే ఇంత అన్నం తిని, ఆమె ముందే మింగండి.