ఇల్లు నిలుపుకోవాలని టీవీకొచ్చింది

సాయంత్రం భర్త ఇంటికొచ్చే వేళకి వంటింట్లో ఏదో ఒక గందరగోళం. దాన్ని దాచబోయి ఇంకో గందరగోళం. చివరికి దొరికిపోయి, నోరంతా తెరిచి చంటిపిల్లలా ఏడుపు! ఆ ఏడుపు చూసి అమెరికా అంతా ఆరేళ్లపాటు ప్రతి సోమవారం రాత్రీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ ఇల్లాలే లూసిల్ బాల్. ఆ సీరియల్ 'ఐ లవ్ లూసీ'.

తెర మీద ఒక్క పనీ సరిగ్గా చేతకాని ఆవిడ, తెర వెనక ఓ పెద్ద స్టూడియోకి యజమానురాలయింది. కానీ ఆమె టీవీలోకి వచ్చింది స్టూడియో కోసం కాదు. పేరు కోసం అంతకన్నా కాదు. పనయితే కలిసి చేస్తాం, భర్త కళ్లెదుట ఉంటాడు అనే ఒక్క ఆశతో!

డబ్బు దండగన్నారు

1911 ఆగస్టు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్ అనే చిన్న పట్నంలో పుట్టింది లూసీ. తండ్రి టెలిఫోన్ లైన్లు వేసే ఉద్యోగి. కూతురికి నాలుగేళ్లు నిండకుండానే టైఫాయిడ్‌తో పోయాడు. అప్పటికి తల్లి గర్భిణి కూడా. అమ్మమ్మ, తాతయ్యల ఇల్లే పిల్లలకి దిక్కయింది.

నాటకాల పిచ్చితో పదిహేనేళ్లకే న్యూయార్క్ వెళ్లి నటన నేర్పే బడిలో చేరింది. ఈ అమ్మాయి మరీ సిగ్గరి, ఈమె మీద డబ్బు పెట్టడం దండగ అని వాళ్లు తల్లికి చెప్పి వెనక్కి పంపేశారు. అయినా ఊరుకోలేదు. బట్టల షాపుల్లో మోడల్‌గా నిలబడింది. జబ్బు చేసి చాలాకాలం మంచాన పడి, లేచి మళ్లీ మొదలుపెట్టింది. 1933లో గుంపులో నర్తకిగా హాలీవుడ్ చేరింది. ఆర్కేఓ స్టూడియోలో ఏళ్ల తరబడి చిన్నాచితకా వేషాలు. సినిమాలైతే డజన్లకొద్దీ వచ్చాయి గానీ, పెద్ద తారల పక్కన ఆమె పేరు ఎప్పుడూ నిలవలేదు.

భర్త ఊళ్లో, భార్య స్టూడియోలో

1940లో ఓ సినిమా సెట్‌లో దేశీ ఆర్నాజ్ పరిచయమయ్యాడు. క్యూబా నుంచి వచ్చిన కుర్రాడు, బ్యాండ్ నడిపే గాయకుడు. ఆమె కంటే ఆరేళ్లు చిన్న. అదే ఏడు నవంబర్ 30న పెళ్లయింది.

ఆ తర్వాతే అసలు కష్టాలు. అతను బ్యాండుతో ఊళ్లు తిరుగుతుంటే, ఆమె హాలీవుడ్‌లో షూటింగుల్లో ఉండేది. కలిసున్న రోజుల కంటే ఫోన్లలో పోట్లాడుకున్న రోజులే ఎక్కువ. తాగుడూ, ఇతర స్త్రీల గొడవా సరేసరి. 1944లో విడాకుల దాకా వెళ్లి మళ్లీ కలిశారు. నిలిచిన గర్భమల్లా పోతుంటే ఆ బాధ మరొకటి.

అలాంటి సమయంలో దారి చూపించింది రేడియో. 1948 నుంచి ఆమె చేస్తున్న హాస్య కార్యక్రమం బాగా నడవడంతో, సీబీఎస్ సంస్థ దాన్ని టీవీకి మార్చుదామంది. లూసీ ఒకే షరతు పెట్టింది. తెర మీద భర్తగా దేశీయే ఉండాలి! ఇంగ్లిష్ యాసగా మాట్లాడే క్యూబా వాడిని అమెరికా అమ్మాయికి మొగుడంటే జనం ఒప్పుకోరని వాళ్ల భయం. దాంతో 1950లో ఆలూమగలిద్దరూ ఊరూరా తిరిగి స్టేజీ మీద హాస్య ప్రదర్శనలిచ్చారు. జనం విరగబడి నవ్వారు. సంస్థ దిగొచ్చింది.

జీతం తగ్గినా హక్కు దక్కింది

1951 అక్టోబర్ 15న మొదటి ఎపిసోడ్ వచ్చింది. అప్పటికి లూసీకి నలభయ్యేళ్లు. ఒళ్లో మూడు నెలల కూతురు.

ఆ రోజుల్లో కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి ప్రత్యక్షంగా ప్రసారమయ్యేవి. ఇల్లు వదిలి అంత దూరం వెళ్లనని లూసీ పట్టుబట్టింది. లాస్ ఏంజిలెస్‌లోనే, ఎదురుగా ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి, మూడు కెమెరాలతో సినిమా ఫిలిం మీద తీయాలని నిర్ణయించారు. ఖర్చు పెరిగింది. భార్యాభర్తలు జీతం తగ్గించుకుని, బదులుగా ఆ ఫిలిముల మీద హక్కు అడిగారు. ఒకసారి వేసేశాక ఎవరు చూస్తారులే అనుకుని ఇచ్చేశారు! మళ్లీ మళ్లీ వేసినా జనం చూస్తారని తర్వాత తెలిసింది. ఆ హక్కులే వాళ్ల దేశీలూ కంపెనీకి పునాదయ్యాయి.

ఒక ఎపిసోడ్‌లో సంపాదించడం గొప్పా, ఇల్లు నడపడం గొప్పా అని పందెం. మగవాళ్లు వంటింట్లోకి వెళితే అన్నం పొంగి పొయ్యంతా, నేలంతా పారుతుంది. ఆడవాళ్లు చాక్లెట్ ఫ్యాక్టరీకి వెళితే, కదిలే పట్టీ మీద చాక్లెట్లు తోసుకొచ్చేస్తుంటాయి. చుట్టలేక నోట్లో, జాకెట్లో, టోపీలో కుక్కుకుంటారు. 1952 నాటి ఆ పందెం ఇప్పటికీ ఏ ఇంట్లో తేలింది కనుక?

నీళ్లోసుకున్న కథానాయిక

అదే ఏడాది లూసీ మళ్లీ తల్లి కాబోతోంది. సీరియల్ ఆపేయాలా, సోఫాల వెనక దాక్కుని నటించాలా? దేశీ ఒప్పుకోలేదు. తెర మీది లూసీ కూడా కడుపుతోనే ఉంటుందన్నాడు. ఆ రోజుల్లో అమెరికా టీవీలో గర్భం అనే మాట పలకడానికే వీల్లేదు. మనం నీళ్లోసుకుంది, నెల తప్పింది అన్నట్టే వాళ్లూ మరో మాట వెతుక్కున్నారు. ప్రతి స్క్రిప్టునీ మత పెద్దలకు చూపించారు.

1953 జనవరి 19 ఉదయం ఆపరేషన్ చేసి నిజం బిడ్డని తీశారు. ఆ రాత్రే తెర మీది లూసీ ప్రసవం. అక్కడా మగపిల్లాడే, ఇక్కడా మగపిల్లాడే! దాదాపు 4 కోట్ల 40 లక్షల మంది చూశారు. మర్నాడు జరిగిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రమాణ స్వీకారాన్ని కూడా అంతమంది చూడలేదు. ఎన్నో ఇళ్లల్లో నిండు గర్భిణి ఇక దాక్కోవలసిన మనిషి కాకుండా పోయింది.

నిలవనిది ఇల్లే

1957లో దేశీలూ కంపెనీ ఆర్కేఓ స్టూడియోనే కొనేసింది. ఒకప్పుడు చిన్న వేషాల కోసం లూసీ ఎదురుచూసిన గేటు అదే! కానీ పని పెరిగిన కొద్దీ దేశీ తాగుడూ పెరిగింది. కలిసుండటం కోసం మొదలుపెట్టిన పనే వాళ్లని విడదీసింది. 1960 మార్చిలో చివరి ఎపిసోడ్ ఆఖరి దృశ్యంలో ఇద్దరూ ముద్దు పెట్టుకున్నారు. మర్నాడు లూసీ విడాకులకు దరఖాస్తు పెట్టింది.

1961లో హాస్యనటుడు గ్యారీ మోర్టన్‌ని పెళ్లాడింది. 1962లో దేశీ వాటాని సుమారు 25 లక్షల డాలర్లకి కొని, పెద్ద టీవీ స్టూడియోని నడిపిన తొలి మహిళ అయింది. లెక్కలు చూడటం ఆమెకి ఇష్టం లేని పని. అయినా చూసింది. ఖర్చెక్కువ, వద్దని పక్కవాళ్లు వారించినా 'స్టార్ ట్రెక్'కి సరేనంది. 1967లో కంపెనీని కోటీ 70 లక్షల డాలర్లకి అమ్మింది. మరోపక్క 'ది లూసీ షో', సొంత పిల్లలతో 'హియర్ ఈజ్ లూసీ' 1974 దాకా నడిచాయి.

ఆ చివరి పెళ్లిరోజు

1986లో డెబ్బై అయిదేళ్ల వయసులో మళ్లీ సీరియల్‌కి సిద్ధమైంది. ఈసారి జనం నవ్వలేదు. రెండు నెలల్లోనే ఆపేశారు. అదే నవంబర్‌లో దేశీ క్యాన్సర్‌తో అవసాన దశలో ఉన్నాడు. 30న కూతురు ఫోను పట్టుకుంటే ఇద్దరూ చివరిసారి మాట్లాడుకున్నారు. అది వాళ్ల పెళ్లిరోజు. రెండు రోజులకి అతను పోయాడు. కొద్ది రోజులకే వాషింగ్టన్‌లో లూసీకి పెద్ద సన్మానం. పోయేముందు దేశీ రాసి పంపిన మాటలు సభలో చదివారు. 'ఐ లవ్ లూసీ' అన్నది తనకి ఉత్త సీరియల్ పేరు కాదని అందులో ఉంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

1989 ఏప్రిల్ 26న లూసీ కన్నుమూసింది. ఎప్పుడో 60లలో రాసి పక్కన పడేసిన ఆత్మకథ ఆ తర్వాత దొరికి 1996లో అచ్చయింది. అస్థికలను తర్వాత సొంతూరు తీసుకెళ్లి అమ్మానాన్నల దగ్గర ఉంచారు. ఏ ఇంటి కోసం ఆమె అంత పని పెట్టుకుందో ఆ ఇల్లు నిలవలేదు. పని మాత్రం నిలిచింది, ఆమెనీ నిలబెట్టింది.