కాలడిపేట వెనక కాలెట్ దొర

తొండియార్‌పేటలో మెట్రో ఎక్కి తిరువొత్తియూరు వైపు వెళ్తే మూడో స్టేషన్ కాలడిపేట. పేరు వినగానే కొందరికి కాలి అడుగు గుర్తొస్తుంది, ఇంకొందరికి ఆదిశంకరులు పుట్టిన కాలడి గుర్తొస్తుంది. ఆ రెండింటితోనూ దీనికి సంబంధం లేదు. ఇది ఒక ఇంగ్లీషు దొర పేరు. జోసెఫ్ కాలెట్ అనే గవర్నరు పెట్టించిన కాలెట్ పేట, జనం నోట్లో నలిగి నలిగి కాలడిపేట అయింది.

కాలెట్ 1673లో ఇంగ్లండులోని హిచిన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. వ్యాపారం చేసి దివాలా తీశాడు. నలభై ఏళ్ళు దగ్గర పడుతుండగా, నలుగురు కూతుళ్ళను స్వదేశంలో వదిలి, ఈస్టిండియా కంపెనీ కొలువు కోసం ఓడెక్కాడు. ఆ ప్రయాణమూ సాఫీగా సాగలేదు. 1711లో బ్రెజిల్‌లోని రియో రేవులో ఓడ ఫ్రెంచివాళ్ళ చేతికి చిక్కితే, డబ్బు కట్టి బయటపడాల్సి వచ్చింది. 1712లో సుమత్రా దీవిలోని బెంకూలెన్ చేరాడు. కంపెనీకి మిరియాలు దొరికే చోటు అది. అక్కడి మార్ల్‌బరో కోట కట్టడం అతని హయాంలోనే మొదలైంది.

1716లో మద్రాసు వచ్చాడు. ఆ ఏడే అమోయ్ చిన్‌క్వా అనే చీనా కళాకారుడు అతని మట్టిబొమ్మ చేశాడు. కాలెట్ దాన్ని కూతురు ఎలిజబెత్‌కి పంపించాడు. ఏళ్ళ తరబడి నాన్న ముఖం చూడని పిల్లకి ఆ బొమ్మే నాన్న! ఇప్పుడది లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది.

1717 జనవరిలో గవర్నరయ్యాడు. మన తొండియార్‌పేట 1693లోనే కంపెనీ కిందికి వచ్చింది. తిరువొత్తియూరు, నుంగంబాక్కం, వ్యాసర్‌పాడితో సహా ఐదు ఊళ్ళు మాత్రం ఒకసారి చేతికొచ్చి జారిపోయాయి. మొఘల్ చక్రవర్తి ఫరుఖ్‌సియర్ ఫర్మానా బలంతో కాలెట్ 1717లో వాటిని మళ్ళీ దక్కించుకున్నాడు.

ఊళ్ళు దక్కితే చాలదు కదా, ఓడల్లోకి సరుకు కావాలి. ఆ రోజుల్లో మద్రాసు సరుకంటే బట్టే. అందుకే తిరువొత్తియూరు దగ్గర నేతగాళ్ళకి, బట్టల మీద అద్దకం వేసేవాళ్ళకి ఒక కొత్త పేట పెట్టించాడు. కాలెట్ పదవిలో ఉండగానే ఆ పేట లెక్క కంపెనీ దస్తరాల్లోకి ఎక్కింది: 104 ఇళ్ళు, 10 అంగళ్ళు, ఒక గుడి, 489 మంది జనం. ఇంటికి దాదాపు ఐదుగురన్నమాట.

ఆ గుడి గురించి స్థానికులు ఒక కథ చెప్పుకుంటారు. కాలెట్ దగ్గర వీరరాఘవన్ అనే దుబాసీ ఉండేవాడట. రోజూ కంచి వరదరాజస్వామిని కొలిచి గానీ కొలువుకు వచ్చేవాడు కాదట. ఈ క్షణాన కంచిలో ఏం జరుగుతోందో చెప్పమని దొర పరీక్షిస్తే, కళ్ళు మూసుకుని ఉన్నదున్నట్టు చెప్పాడట. విచారిస్తే నిజమే అని తేలిందట. దాంతో దొర ఇక్కడే గుడి కట్టించాడని కథ. కల్యాణ వరదరాజ పెరుమాళ్ ఇప్పటికీ అక్కడ పూజలందుకుంటున్నాడు.

కథలో దుబాసీకి పేరుంది, దొరకి పేరుంది. లెక్కలోని 489 మందిలో ఒక్కరి పేరూ మనకు అందలేదు. నేత ఇల్లు ఎలా నడుస్తుందో తెలిసినవాళ్ళకి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. మగ్గం మీద మగవాడు కూర్చున్నా, నూలు వడకడం, కండెలు చుట్టడం, పడుగుకి గంజి పెట్టడం ఇంటిల్లిపాది పని. అందులో ఆడవాళ్ళ చెయ్యే ఎక్కువ. వాళ్ళు కండె చుట్టి ఇవ్వకపోతే మగ్గం ఆడదు, ఓడ నిండదు.

కాలెట్ 1720 జనవరిలో పదవి దిగాడు. గవర్నరు జీతం కంటే సొంత వ్యాపారంలోనే ఎక్కువ డబ్బు వచ్చే కాలం అది. పాత అప్పులు తీరిపోయాయి. కూతుళ్ళ దగ్గరికి తిరిగి వెళ్ళి, 1725లో చనిపోయాడు. లండన్‌లోని బన్‌హిల్ ఫీల్డ్స్‌లో అతన్ని పూడ్చిపెట్టారు.

అతను ఇక్కడ గవర్నరుగా ఉన్నది మూడేళ్ళే. అయినా మూడొందల ఏళ్ళుగా మనం ఆ పేరు పలుకుతూనే ఉన్నాం. అతని కూతురి పేరు కూడా మనకు తెలుసు. అతని బట్టకి నూలు వడికిన అమ్మాయిల పేర్లే తెలియవు. మన క్లాసుల్లో మగ్గం ఇళ్ళ నుంచి వచ్చిన అమ్మాయిలున్నారు కదా! మీ అవ్వ ఏ ఊరి నుంచి వచ్చిందో, ఏ పని చేసేదో, ఏమని పిలిచేవాళ్ళో అడిగి రాసి తెండి. వచ్చే సంచికలో ఈ గోడ మీద ఆ పేర్లకి చోటుంచుదాం.