పొరలు చదివిన కింగ్ దొర

కోనసీమలో ఎంత తవ్వినా ఒండ్రుమట్టే, రాయి తగలదు అనుకుంటాం కదా. కానీ భూగర్భ శాస్త్రంలో ‘రాజోలు ఫార్మేషన్’ అని ఒకటుంది. మన రాజోలు కింద చాలా లోతులో పరుచుకున్న లావా పొరల పేరది. ఆ కాలపు లావాయే రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడిలలో పైకి కనిపిస్తుంది. ఆ రాళ్ళని పరిశీలించి, 1880లో గోదావరి జిల్లా తీరప్రాంతం మీద పుస్తకం రాసినాయన డాక్టర్ విలియం కింగ్.

వాళ్ళ నాన్న పేరూ విలియం కింగే. ఐర్లండ్‌లో ప్రొఫెసర్. నియాండర్తల్ మనిషికి శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. కొడుకు 1857లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరి మన దక్షిణాదికి వచ్చేశాడు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. సింగరేణిలో ‘కింగ్ సీమ్’ అనేది ఆయన పేరే.

అందరికీ తెలిసింది ఆ బొగ్గు సంగతే. నిజానికి అంతకన్నా ఓపికైన పని కడప వైపు చేశాడు. అక్కడి రాళ్ళలో ఏ పొర ముందుదో, ఏది తర్వాతదో వరస తేల్చి 1872లో అచ్చువేశాడు. అందులో ఒక పొరకి పుల్లంపేట ఊరి పేరు పెట్టాడు.

ఆ పుల్లంపేట పొరల్లోనే, రైల్వేకోడూరు దగ్గర, మంగంపేట ముగ్గురాయి ఉంది. ముగ్గురాయంటే బెరైటీస్, బేరియం లోహపు ఖనిజం. వంద కోట్ల ఏళ్ళకి ముందెప్పుడో అక్కడ సముద్రం ఉండేది. అగ్నిపర్వతాల వేడికి అడుగు నుంచి ఊరిన వేడినీళ్ళు బేరియాన్ని మోసుకొచ్చాయనీ, అది సల్ఫేటుతో కలిసి అడుగున పేరుకుందనీ చాలామంది శాస్త్రవేత్తల మాట. అందుకే ఆ ఖనిజం గోడలా నిలువుగా కాకుండా, అగ్నిపర్వత బూడిద రాయితో కలిసి దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. కింద సన్న రేణువుల బూడిదరంగు పొర, పైన గుండ్రటి పువ్వుల్లాంటి స్ఫటికాలున్న పొర.

దాని అసలు పరిమాణం తేలింది కింగ్ తర్వాత వందేళ్ళకి. ప్రపంచంలోనే అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో అదొకటి. ఇలాంటి ఖనిజాన్ని వెతకాలంటే ముందు పొర తెలియాలి. ఆ పొరని గుర్తించి పేరు పెట్టినవాడు కింగ్.

కోనసీమకి దాంతో పనేంటంటారా? గ్యాస్ బావి తవ్వేటప్పుడు, లోపలి గ్యాస్ ఎగదన్నకుండా పోసే బురదకి బరువు కోసం కలిపేది ముగ్గురాయి పొడే. ఆ ఒత్తిడి అదుపు తప్పితే ఏమవుతుందో 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకి పైగా మండి చూపించింది.

కింగ్ 1887 నుంచి 1894 దాకా సర్వే డైరెక్టర్‌గా చేసి దిగిపోయాడు. 1900లో చనిపోయాడు. ఆయన వేసిన వరస మీదే తర్వాతి వాళ్ళు మార్పులూ చేర్పులూ చేసుకుంటూ వస్తున్నారు.