మూడో తరగతి చదివిన ఇంజనీరు

ముందే చెప్పేస్తున్నా, నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. ఎక్కడైనా ఒత్తు తప్పితే క్లబ్ వాళ్ళు దిద్దుకోండి. ఈసారి టాపిక్ ఒక గొప్ప వ్యక్తి జీవితం అన్నారు. చాలామంది కలాం గారి గురించో, విశ్వేశ్వరయ్య గారి గురించో రాస్తారని తెలుసు. నేను జి.డి.నాయుడు గారి గురించి రాస్తున్నా. ఆయన నాకు పరిచయమైంది లైబ్రరీలో కాదు, మా నాయన కారు స్టీరింగ్ దగ్గర.

మాది మదనపల్లె. నాయనకు ఒక పాత కారు ఉంది, బాడుగకు తిప్పుతాడు. పెళ్ళిళ్ళు, తిరుపతి, వేలూరు ఆస్పత్రి, ఎవరు పిలిస్తే అక్కడికి. ఇల్లు, నా ఫీజు అన్నీ ఆ కారు మీదే. పోయిన సెలవుల్లో కుప్పంలో ఉండే మా అత్త వాళ్ళింటికి బయలుదేరినాం. మదనపల్లె దాటిన కాసేపటికే నాయన రెండు చేతులతో స్టీరింగ్ లాగుతున్నాడని గమనించినా. పుంగనూరులో ఒక సందులో రివర్స్ తీసుకోవాల్సి వస్తే భుజం పట్టేసింది. మలుపు తిప్పినాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం లేదు, మళ్ళీ లాగాల్సిందే. నెల రోజులుగా ఇట్లానే ఉందంట, మాకు చెప్పలేదు. అప్పటికే ఒక షాపులో చూపించినాడు. రాక్ మొత్తం మార్చాల, 28 వేలు అవుతుంది అన్నారంట. అంత పెట్టేకంటే కారు అమ్మేయడం మేలని అమ్మతో అంటుంటే వెనక సీట్లో నేను విన్నా.

ఇంజనీరింగ్ చదివే కొడుకును కదా, వెంటనే ఫోన్ తీసి వెతికినా. స్టీరింగ్ బరువు కావడానికి కారణాలు చాలా దొరికినాయి: టైర్లలో గాలి తగ్గడం, పవర్ స్టీరింగ్ ఆయిల్ తగ్గడం, బెల్టు వదులు కావడం, అలైన్‌మెంట్, బాల్ జాయింట్, పంపు, రాక్. అన్నీ చదివినా. మా కారులో ఉన్నది ఏది అంటే మాత్రం నోరు రాలేదు.

కుప్పం చేరినాక అత్త పెట్టిన సంగటి తింటూ ఈ సంగతి మామకు చెప్పినా. మామ బోరు మోటార్ల షాపులో పనిచేస్తాడు. కుప్పం వాళ్ళకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ వస్తాయి కాబట్టి మామకు కథలు కూడా మూడు రాష్ట్రాలవి తెలుసు. విప్పి చూడకుండా ఎట్లా తెలుస్తుంది రా అని నవ్వి, జి.డి.నాయుడు పేరు విన్నావా అని అడిగినాడు. వినలేదు. ఆ రాత్రి ఆయన చెప్పింది, తర్వాత నేను చదువుకున్నది కలిపి ఇప్పుడు చెబుతా.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టినాడు. వాళ్ళది తరాల కిందట తమిళ దేశంలో స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం. తల్లి చిన్నప్పుడే పోయింది. బడి అంటే పడేది కాదు. అయ్యవారి కళ్ళల్లో ఇసుక కొట్టి పారిపోయినాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మూడో తరగతితో చదువు ఆగిపోయింది, పొలం పనిలో పడినాడు.

ఇరవై ఏళ్ళ వయసులో ఒకరోజు ఒక ఇంగ్లీషు రెవెన్యూ అధికారి మోటార్ సైకిల్ మీద వాళ్ళ వైపు వచ్చినాడు. అది రడ్జ్ కంపెనీ బండి. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి దానంతట అదే పోతోంది. మిగతా ఊరంతా వింతగా చూసి ఇంటికి పోయింది. నాయుడు మాత్రం ఆ బండి నాకు కావాల అనుకున్నాడు. కోయంబత్తూరుకు పోయి హోటల్లో సర్వర్‌గా చేరినాడు. ఏళ్ళ తరబడి పైసా పైసా దాచి, 300 రూపాయలు పెట్టి ఆ బండే కొన్నాడంటారు.

మనమైతే ఏం చేస్తాం? ఎక్కి ఊరంతా తిరుగుతాం, స్టేటస్ పెడతాం. ఆయన బండిని ముక్కలు ముక్కలుగా విప్పేసినాడు. మళ్ళీ బిగించినాడు. మాన్యువల్ లేదు, నేర్పేవాళ్ళు లేరు. ఏ ముక్క తీస్తే ఏది ఆగుతుందో, ఏది దేన్ని తిప్పుతుందో చేతులతోనే తెలుసుకున్నాడు. అదే ఆయన కాలేజీ. అట్లా మెకానిక్ అయినాడు.

ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది విప్పడం దగ్గర చప్పట్లు కొడతారు. విప్పడం పెద్ద విషయం కాదని నా అభిప్రాయం. చిన్నప్పుడు నేను కూడా గోడ గడియారం విప్పినా, మూడు స్క్రూలు మిగిలినాయి, అమ్మ చేతిలో దెబ్బలు తిన్నా. ఒక్క స్క్రూ మిగలకుండా మళ్ళీ బిగించి, బండిని స్టార్ట్ చేయడం, అది అసలు పరీక్ష.

తర్వాత పత్తి వ్యాపారం చేసి డబ్బు చూసినాడు, బొంబాయి పోయి పోగొట్టుకున్నాడు కూడా. మళ్ళీ మోటార్ల దగ్గరికే వచ్చినాడు. కోయంబత్తూరులో స్టేన్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఈయన పనితనం చూసి సాయం చేసినాడు. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి నుంచి పళని దాకా నడిపినాడు. ఓనర్ ఆయనే, డ్రైవర్ ఆయనే. పళని సుబ్రహ్మణ్యస్వామి కొండ కాబట్టి భక్తులకు కొదవ లేదు.

ఇక్కడ కాసేపు బస్సు ఆపి స్టీరింగ్ గురించి చెప్పాల. ఆ కాలం బస్సుకు పవర్ స్టీరింగ్ లేదు. ముందు చక్రాల మీద పడే బరువునంతా డ్రైవర్ చేతులే తిప్పాల. అందుకే స్టీరింగ్ చక్రం అంత పెద్దగా పెట్టేవాళ్ళు. చక్రం పెద్దదైతే తక్కువ బలంతో తిరుగుతుంది, కానీ ఎక్కువ దూరం తిప్పాల. కీళ్ళలో గ్రీజు ఎండితే ఆ బలం కూడా చాలదు. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు ట్రక్కు డ్రైవర్ల ఈ కష్టం చూసి, ఆయిల్ ఒత్తిడితో సాయం చేసే స్టీరింగ్ తయారు చేసి 1926లో కారు మీద చూపించినాడు. అది మామూలుగా అమ్మే కార్లలోకి రావడానికి 1951 దాకా పట్టింది, అదీ ఖరీదైన క్రైస్లర్ ఇంపీరియల్‌లో. అంటే నాయుడు పొల్లాచ్చి రోడ్డు మీద ఉన్నప్పుడు స్టీరింగ్ బరువెక్కిందని డ్రైవర్ సీట్లో మొదట తెలిసేది ఆయన భుజానికే. రిపేరు చేయాల్సింది కూడా ఆయన చేతులే. నొప్పి ఎవరిదో వైద్యం వాళ్ళదే.

ఆ ఒక్క బస్సు యూఎంఎస్ అయింది, అంటే యూనివర్సల్ మోటార్ సర్వీస్. 1933 నాటికి సుమారు 280 బస్సులు. బస్సులతో ఆగలేదు. 1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి కోయంబత్తూరులోని పీలమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ పెట్టి మోటార్లు చేయించినాడు. మన దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు అదే అని చెప్పుకుంటారు. మా మదనపల్లె టమాట తోటల్లో బోర్ల మీద కోయంబత్తూరు పేరు ఎందుకు ఉంటుందో ఆ రాత్రి అర్థమైంది. ఆ ఊరు మోటార్ల ఊరు కావడంలో ఈ మూడో తరగతి మనిషి చెయ్యి ఉంది.

రాసంట్ అని బ్యాటరీతో నడిచే గడ్డం గీసే రేజర్ చేసినాడు. యూరప్ తిరిగి, 1936లో లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి అంత్యక్రియలను తన కెమెరాతో సినిమా తీసుకొచ్చినాడు. పేదవాళ్ళు కొనగలిగే రేడియో చేసినాడు. 1952లో 2000 రూపాయలకు వచ్చే రెండు సీట్ల కారు కూడా బయటికి తెచ్చినాడు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, కారు అక్కడితో ఆగిపోయింది. పన్నుల మీద కోపంతో తను చేసిన వస్తువులను నలుగురి ముందు తనే పగలగొట్టించినాడు కూడా. ఈ భాగం నాకు నచ్చలేదు. ఇంజిన్‌లో తప్పు ఎక్కడుందో ఓపికగా వెతికిన మనిషి, ఆఫీసులో తప్పు ఎదురైతే సుత్తి తీసుకున్నాడు. కానీ ఏళ్ళు పెట్టి చేసిన పనికి ఒక్క సంతకం దొరక్కపోతే మనకు ఎట్లా ఉంటుందో నేను చెప్పలేను.

మనకు సంబంధించిన ముక్క ఇప్పుడు. 1945లో తన ఆస్తి ఇచ్చి కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరు మీద పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ పెట్టించినాడు. హోప్ అప్పటి మద్రాసు గవర్నరు. ఈనాటి కోయంబత్తూరు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ మూలం అదే. నాయుడే ప్రిన్సిపాల్. మూడో తరగతి చదివి ఇంజనీరింగ్ కాలేజీ ప్రిన్సిపాల్! ఆయన వాదన ఏమిటంటే, ఇంజనీరింగ్‌కు నాలుగేళ్ళు దండగ, సరిగ్గా నేర్పితే రెండేళ్ళు చాలు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి బయటికి వచ్చేసినాడు.

ఇది మా ఫ్రెండ్స్‌కు చెప్తే పండగ చేసుకున్నారు, రెండేళ్ళకే డిగ్రీ ఇప్పించండి అని. కానీ ఆయన అన్నది తక్కువ నేర్పమని కాదు. సగం టైమ్ పనికిరానిదానికి పోతోంది, దాన్ని తీసేసి చేతికి పని ఇవ్వమని. ఆ లెక్కన నేను మూడు సెమిస్టర్లలో సొంతంగా మొదటి నుంచి చివరి దాకా చేసింది ఏముందని కూర్చుని లెక్కపెట్టినా. లెక్క తొందరగానే అయిపోయింది. ల్యాబ్ రికార్డులో ఎన్ని ప్రోగ్రాములు నావి, ఎన్ని పక్కోడివి అనేది ఇక్కడ రాయను, మా ఫ్యాకల్టీ కూడా ఈ పత్రిక చదువుతారు.

కుప్పం నుంచి వెనక్కి వచ్చేటప్పుడు మామ చెప్పిన పుంగనూరు మెకానిక్ భాయ్ దగ్గర ఆగినాం. భాయ్ ఏ ముక్కా మార్చాలని ముందే అనలేదు. ఎట్లా ఉంది, ఎప్పటి నుంచి, వానలో తిరిగిందా, శబ్దం వస్తుందా అని నాయనను పది ప్రశ్నలు అడిగినాడు. టైర్లలో గాలి చూసినాడు, సరిగ్గా ఉంది. ఆయిల్ ఉంది, బెల్టు బిగువుగా ఉంది, పంపు మూలగడం లేదు. జాక్ పెట్టి, స్టాండ్ల మీద నిలబెట్టి, ముందు చక్రాలు గాల్లోకి లేపి స్టీరింగ్ తిప్పమన్నాడు. అప్పుడు కూడా బరువుగానే ఉంది. అంటే నేల మీద టైరు రాపిడి కారణం కాదు. తర్వాత రాక్‌ను చక్రాలకు కలిపే టై రాడ్లు రెండు వైపులా విడదీసినాడు. ఇప్పుడు స్టీరింగ్ ఒక్క వేలితో తిరిగింది! అంటే రాక్‌లో, దాని పైన కడ్డీలో బిగువు లేదు. తప్పు చక్రాల వైపు ఉంది.

సరిగ్గా అప్పుడు నాకు వెలిగింది. ఇది బైనరీ సెర్చ్. మధ్యలో తెంచి, తప్పు ఏ సగంలో ఉందో చూసి, మిగతా సగాన్ని వదిలేయడం. నేను పరీక్షలో పది మార్కులకు రాసిందాన్ని భాయ్ స్పానర్‌తో చేస్తున్నాడు.

ఎడమ చక్రాన్ని చేత్తో తిప్పితే మెత్తగా తిరిగింది. కుడి చక్రం మొండికేసింది, వదిలితే వెనక్కి తన్నింది. భాయ్ నా చెయ్యి పట్టి కుడివైపు స్ప్రింగ్ మీద పెట్టించి చక్రం తిప్పినాడు. స్ప్రింగ్ మెలి తిరుగుతూ పోయి టక్కుమని ఎగిరింది. సస్పెన్షన్ పైన ఉండే బేరింగ్ తుప్పు పట్టి బిగుసుకుపోయిందంట. స్ప్రింగ్ దాని మీద తిరగాల్సింది, తిరగలేక మెలిపడుతోంది. మలుపు తర్వాత స్టీరింగ్ వెనక్కి రాకపోవడానికి కూడా అదే కారణం. రెండు వైపులా బేరింగ్లు మార్చి, అలైన్‌మెంట్ చేయించేసరికి మొత్తం ఖర్చు 4 వేల లోపే. 28 వేలు పెట్టి రాక్ మార్చి ఉంటే డబ్బు పోయేది, బరువు అట్లానే ఉండేది.

మదనపల్లె దారిలో నాయన ఏం మాట్లాడలేదు. మలుపులో స్టీరింగ్ కొంచెం వదిలి, అది దానంతట అది నేరుగా రావడం చూసుకుని నవ్వుకున్నాడు. కారు అమ్మే మాట మళ్ళీ ఇంట్లో రాలేదు.

జి.డి.నాయుడు 1974 జనవరి 4న చనిపోయినాడు. మన పుస్తకాల్లో ఆయన పేరు నాకు ఎక్కడా కనపడలేదు. తమిళనాడు వాళ్ళు మాత్రం మరిచిపోలేదు. 2025లో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద కట్టిన పది కిలోమీటర్ల పొడవైన ఫ్లైఓవర్‌కు ఆయన పేరే పెట్టినారు. అదే రోడ్డులో ఆయన పేరు మీద మ్యూజియం, పాత కార్ల మ్యూజియం ఉన్నాయి.

నేను రాజీనామా చేయడం లేదు, నాలుగేళ్ళూ చదువుతా, నాయన ఫీజు కట్టేసినాడు. కానీ ఈ సెమిస్టర్ డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ ప్రోగ్రాములన్నీ ఖాళీ ఫైల్ నుంచి నేనే రాస్తున్నా. ఎర్రర్ వస్తే పక్కోడిని అడగకుండా ముందు మధ్యలో తెంచి చూస్తున్నా. టైమ్ మూడింతలు పడుతోంది, మార్కులు కూడా కొంచెం తగ్గినాయి. ఫర్వాలేదు.

వచ్చే సెలవుల్లో కుప్పంలో రైలెక్కి కోయంబత్తూరు పోదామని ఉంది. వచ్చేవాళ్ళుంటే సీఎస్‌ఈ సెకండియర్ బి సెక్షన్‌లో చెప్పండి. కుప్పంలో సంగటి మా అత్త పెడుతుంది.